చెట్టు చేసుకునేది ఏది, వదిలేసేది ఏది: మేడ మీదే చూసి తేల్చుకోండి

పదో తరగతి పిల్లల్ని కిరణజన్య సంయోగక్రియలో ఏమేం వస్తాయని అడగండి. "గ్లూకోజ్, ఆక్సిజన్" అని గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. ఆ రెండింట్లో చెట్టు తన కోసం చేసుకున్నది ఏది, అక్కర్లేక బయటికి వదిలేసింది ఏది అని అడిగితే మాత్రం సగం మంది ఆగిపోతారు, మిగతా సగం "చెట్టు మన కోసం ఆక్సిజన్ తయారుచేస్తుంది" అంటారు. అది తప్పు. విశాఖలో మర్రిపాలెం వైపు ఇంటి దగ్గరే తొమ్మిది, పది తరగతుల పిల్లలకు బయాలజీ చెబుతాను నేను. ఈ పాఠాన్ని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పడం మానేసి, పిల్లల్ని మేడ మీదకు తీసుకెళ్ళి వాళ్ళ చేతులతో చేయించడం మొదలుపెట్టాక ఆ తప్పు దానంతటదే పోయింది. ఎలా చేయాలో, ఎక్కడ మోసపోతామో, మన ఎండలో మన కుళాయి నీళ్ళతో ఏ జాగ్రత్తలు పడాలో అన్నీ కింద రాస్తున్నాను. ప్రత్యేకంగా ల్యాబ్ అక్కర్లేదు, మందుల షాపులో, వంటింట్లో, చేపల తొట్టెలు అమ్మే షాపులో దొరికేవే చాలు.

ముందు ఒక్క విషయం తేల్చుకుందాం. గానుగలో నువ్వులు వేసేది నూనె కోసం. తెలగపిండి వద్దన్నా మిగులుతుంది. దాన్ని పశువులకు పెడతాం, బాలింతలకు కూర వండి పెడతాం, అంత మంచిదే, అయినా గానుగ ఆడించింది దాని కోసం కాదు కదా. ఆకులో నూనె స్థానం చక్కెరది, తెలగపిండి స్థానం ఆక్సిజన్‌ది. చక్కెర ఉత్పన్నం, ఆక్సిజన్ ఉప ఉత్పన్నం. మనం, పశుపక్ష్యాదులు, సముద్రంలో చేపలు అందరం ఆ మిగిలిన దాన్ని పీల్చుకునే బతుకుతున్నాం, అందుకే మన కంటికి అదే అసలైన సరుకులా కనిపిస్తుంది.

ఇక సమీకరణం. 6 కార్బన్ డయాక్సైడ్ అణువులు, 12 నీటి అణువులు లోపలికి వెళ్తే, ఒక గ్లూకోజ్ అణువు, 6 ఆక్సిజన్ అణువులు, 6 నీటి అణువులు బయటికొస్తాయి. "అటు 12 నీళ్ళు, ఇటు 6 నీళ్ళు ఎందుకు టీచర్, కొట్టేసి 6 అని రాస్తే పోదా?" అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. కొట్టేస్తే లెక్క సరిపోతుంది కానీ అసలు సంగతి కనపడకుండా పోతుంది. బయటికొచ్చే 6 ఆక్సిజన్ అణువుల్లో 12 పరమాణువులు ఉంటాయి, ఆ పన్నెండూ నీటిలోంచి వచ్చినవే, కార్బన్ డయాక్సైడ్‌లోంచి కాదు. ఒక్కో నీటి అణువులో ఆక్సిజన్ పరమాణువు ఒక్కటే కాబట్టి 12 నీటి అణువులు కావాలి. ఇది ఊహ కాదు. 1941లో అమెరికాలో శామ్యూల్ రూబెన్, మార్టిన్ కామెన్, వాళ్ళతో పనిచేసినవాళ్ళు ఆక్సిజన్-18 అనే బరువైన ఆక్సిజన్ ఉన్న నీళ్ళను క్లోరెల్లా అనే నాచుకు పెట్టి, ఆ బరువైన ఆక్సిజనే వాయువుగా బయటికి రావడం చూశారు. వెలుతురు పడగానే ఆకులో జరిగే మొదటి పని నీటిని విడగొట్టడం. దాన్నుంచి ఎలక్ట్రాన్లు, హైడ్రోజన్ అయాన్లు లాక్కుంటుంది, ఆక్సిజన్‌ను వదిలేస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌లో ఉన్న ఆక్సిజన్ సగం చక్కెరలోకి, సగం కొత్తగా పుట్టే ఆ 6 నీటి అణువుల్లోకి పోతుంది.

గ్లూకోజ్ అని రాయడం కూడా లెక్క సులువు కోసమే. నిజానికి హరితరేణువులోంచి (ఆకు కణంలో ఈ పనంతా జరిగే పచ్చటి భాగం) బయటికొచ్చే తొలి చక్కెరలో కార్బన్లు ఆరు కాదు, మూడే ఉంటాయి. రేడియోధార్మిక కార్బన్‌ను నాచుకు పెట్టి ఆ దారంతా కనిపెట్టినందుకే మెల్విన్ కాల్విన్‌కు 1961లో నోబెల్ వచ్చింది. ఆ మూడు కార్బన్ల ముక్కల్ని జతచేసి ఆకు రెండు సరుకులు చేసుకుంటుంది. ఒకటి సుక్రోజ్, మనం టీలో వేసుకునే పంచదార అదే, కాండంలోంచి వేళ్ళకీ కాయలకీ పంపడానికి. రెండోది పిండిపదార్థం, పగలు మిగిలిన దాన్ని ఆకులోనే దాచి రాత్రి తినడానికి. కాంతిచర్యలో, అంటే వెలుతురుతో నీటిని విడగొట్టే దశలో, వచ్చే ఏటీపీ, ఎన్ఏడీపీహెచ్ అనే శక్తిని మోసే అణువులు కూడా ఉత్పన్నాలే, కానీ అవి పుట్టిన చోటే ఖర్చయిపోతాయి కాబట్టి ఇంట్లో మనం వాటిని చూడలేం. చూడగలిగేవి పిండిపదార్థం, ఆక్సిజన్. ఒక్కోటీ చూద్దాం.

మొదటిది పిండిపదార్థం. కుండీలో పెంచిన చిక్కుడు మొక్క దీనికి అన్నిటికంటే మంచిది, ఆకు పల్చగా ఉంటుంది, రంగు తొందరగా దిగుతుంది. మందార ఆకు వేడినీళ్ళలో వేయగానే జిగురొస్తుంది, పిల్లలకు చిరాకు. ఉల్లికాడలు మాత్రం అస్సలు వద్దు. ఉల్లి ఆకులో పిండిపదార్థం దాచుకోదు, చక్కెరలుగానే ఉంచుకుంటుంది, అయోడిన్ ఎంత పోసినా నల్లబడదు. మొక్క చక్కగా పనిచేస్తున్నా పరీక్ష తప్పినట్టు కనిపిస్తుంది.

కుండీని రెండు రోజులు చీకటి గదిలోనో, అట్టపెట్టె బోర్లించో ఉంచండి. నిన్నటి పిండిపదార్థం ఆకులో ఉండిపోతే ఇవాళ్టిది ఏదో తెలియదు కదా, రెండు రాత్రులు చీకట్లో ఉంటే ఉన్నదంతా తినేస్తుంది. మూడో రోజు తెల్లవారకముందే అల్యూమినియం ఫాయిల్‌లో మీకిష్టమైన అక్షరం కత్తిరించి (మా పిల్లలు తమ పేర్లలో మొదటి అక్షరం పెట్టుకుంటారు) ఆకు పైన ఆ ఫాయిల్, కింద ఇంకో ముక్క పెట్టి జెమ్ క్లిప్పులతో వదులుగా పట్టించండి. మరీ బిగిస్తే గాలి ఆడదు, అప్పుడు ఆగింది వెలుతురా గాలా అనే అనుమానం మిగులుతుంది. కుండీని మేడ మీద పెట్టి మధ్యాహ్నం మూడింటి దాకా వదిలేయండి. కుండీకి నీళ్ళు పోయడం మర్చిపోకండి, ఎండకి ఆకు వాడితే పత్రరంధ్రాలు మూసుకుంటాయి, గాలి లోపలికి పోదు, పిండిపదార్థం తయారు కాదు.

తర్వాత ఆకు కోసి మరిగే నీళ్ళలో ఒక నిమిషం ముంచండి. మెత్తబడుతుంది. ఇప్పుడు దాని పచ్చరంగు తీయాలి, లేకపోతే అయోడిన్ రంగు కనపడదు. దీనికి మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ వాడతాం. ఇక్కడ దయచేసి శ్రద్ధగా చదవండి. స్పిరిట్‌ను ఎట్టి పరిస్థితిలోనూ పొయ్యి మీద పెట్టకూడదు, పొయ్యి వెలుగుతున్న గదిలో మూత కూడా తీయకూడదు, దాని ఆవిరికి మంట ఇట్టే అంటుకుంటుంది. గిన్నెలో నీళ్ళు మరిగించి, గ్యాస్ కట్టేసి, సిలిండర్ దగ్గర కూడా మూసేసి, ఆ గిన్నెను వంటింట్లోంచి బయటికి, గాలి ఆడే వరండాలోకి తెచ్చుకోండి. స్టీలు గ్లాసులో ఆకు వేసి అది మునిగేంత స్పిరిట్ పోసి, ఆ గ్లాసును వేడినీళ్ళలో దించండి. నీళ్ళు చల్లారితే ఫ్లాస్కులోంచి మళ్ళీ వేడినీళ్ళు పోసుకోవచ్చు. పది, పదిహేను నిమిషాల్లో స్పిరిట్ ఆకుపచ్చగా, ఆకు పాలిపోయిన పసుపు రంగులో తయారవుతాయి. పెద్దవాళ్ళు ఒకరు మొదటి నుంచీ చివరిదాకా పక్కనే ఉండాలి. ఈ పచ్చ స్పిరిట్‌ను పారబోయకండి, దానితో చివర్లో పని ఉంది.

స్పిరిట్‌లోంచి తీసిన ఆకు అప్పడంలా పెళుసుగా ఉంటుంది. గోరువెచ్చటి నీళ్ళలో ముంచితే మళ్ళీ మెత్తబడుతుంది. తెల్ల సాసర్లో పరిచి, పల్చటి టీ డికాక్షన్ రంగు వచ్చేదాకా నీళ్ళు కలిపిన అయోడిన్ పోయండి. టింక్చర్ అయోడిన్ దొరక్కపోతే బీటాడిన్ ద్రావణం కూడా పనిచేస్తుంది, కాస్త నెమ్మది అంతే. ఆయింట్‌మెంట్ వద్దు. ఆకు మీద పోసే ముందు ఒక చుక్క గంజి మీద వేసి చూసుకోండి, గంజి నల్లబడితే మీ అయోడిన్ మంచిదే.

మొదట ఆకంతా గోధుమరంగు పాకుతుంది, ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత ఈనెల మధ్య గళ్ళుగళ్ళుగా ముదురుతుంది, ఈనెలు మాత్రం పాలిపోయే ఉంటాయి. ఫాయిల్ కప్పిన చోటు గోధుమరంగులోనే ఆగిపోతుంది, కత్తిరించిన అక్షరం ఉన్న చోట మాత్రం నీలం నలుపు గీతలు తేలుతూ వస్తాయి. పోయినసారి ఒక పిల్లాడి ఆకు మీద 'వ' వచ్చింది, తలకట్టుతో సహా. ఆ ఆకులో ఆ అక్షరం మేరకే ఆ రోజు వెలుతురు పడింది, ఆ అక్షరం మేరకే అన్నం వండుకుంది. వాడు దాన్ని పుస్తకంలో పెట్టుకుని వారం రోజులు వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. (అయోడిన్ రంగు మెల్లగా వెలిసిపోతుంది, ఫోటో తీసి ఉంచుకోండి.)

పత్రహరితం, అంటే ఆకులోని పచ్చరంగు, ఉన్న చోటే ఇది జరుగుతుందని చూపించాలంటే తెల్ల మచ్చలున్న మనీప్లాంట్ ఆకు తీసుకోండి, ముందుగా మచ్చల బొమ్మ గీసుకుని తర్వాత ఇదే పరీక్ష చేయండి. ఆకు మందం, పైన మైనం లాంటి పొర ఉంటుంది, స్పిరిట్‌లో ఎక్కువసేపు ఉంచాలి.

ఈ పిండిపదార్థం, చక్కెర ఎంత పెద్ద విషయమో తెలియాలంటే అనకాపల్లి బెల్లం దిమ్మను చేతిలోకి తీసుకోండి. అది చెరకు ఆకు గాలిలోంచి, నీళ్ళలోంచి చేసిన చక్కెర, గడ్డకట్టి మన చేతిలో ఉంది. చిన్న లెక్క చేద్దాం. ఒక కిలో సుక్రోజ్ తయారవ్వాలంటే ఆకు లోపలికి సుమారు 1.54 కిలోల కార్బన్ డయాక్సైడ్, 0.58 కిలోల నీరు పోవాలి, బయటికి 1.12 కిలోల ఆక్సిజన్ రావాలి. అంటే చక్కెర కంటే ఆక్సిజన్ బరువే కొంచెం ఎక్కువ. మనిషి రోజుకు దాదాపు 550 లీటర్ల ఆక్సిజన్ వాడతాడు, ఈ లెక్కన కిలో చక్కెర వెనకున్న ఆక్సిజన్ ఒక మనిషికి రోజున్నరకు సరిపోతుంది. కానీ ఆ కిలో చక్కెర మనం తిని ఒంట్లో ఖర్చుచేసుకునేటప్పుడు సరిగ్గా అంతే ఆక్సిజన్ మళ్ళీ ఖర్చవుతుంది. అందుకే గదిలో నాలుగు కుండీలు పెట్టుకుంటే ఆక్సిజన్ పెరిగిపోతుందని చెప్పే ప్రకటనలు నమ్మకండి. మీ కుండీలో మొక్క నెలరోజుల్లో ఎండు బరువులో ఎన్ని గ్రాములు పెరిగిందో, అది మిగిల్చిన ఆక్సిజన్ కూడా ఇంచుమించు అన్ని గ్రాములే. కుండీలు పెట్టుకోండి, కంటికి చల్లగా ఉంటాయి, దానికది చాలు.

చెరకుకు ఇంకో ప్రత్యేకత ఉంది. చాలా మొక్కల్లో కార్బన్ డయాక్సైడ్ మొదట మూడు కార్బన్ల పదార్థంగా మారితే, చెరకులో నాలుగు కార్బన్ల ఆమ్లంగా మారుతుంది. హాచ్, స్లాక్ అనే ఇద్దరు ఆస్ట్రేలియాలో చెరకు మీదే ఆ దారిని 1966లో వివరించారు. ఎండ ఎక్కువున్న చోట ఈ పద్ధతి బాగా కలిసొస్తుంది.

దాచుకున్న పిండిపదార్థం విలువ ఏంటో మన ఊళ్ళో చాలామంది కళ్ళారా చూశారు, కాకపోతే అలా అనుకుని ఉండరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక ఊళ్ళో నిలబడి ఉన్న చెట్లకు కూడా ఆకు లేదు. కొండలన్నీ మాడిపోయినట్టు కనిపించాయి. మా వీధి చివర వేపచెట్టు మోడులా ఉండేది, పోయిందనే అనుకున్నాం. కొన్ని వారాలకు మానుకే ఎర్రటి చిగుళ్ళు పొడుచుకొచ్చాయి. ఆకే లేనప్పుడు కిరణజన్య సంయోగక్రియ లేదు, మరి ఆ చిగురు దేనితో కట్టింది? అంతకుముందు నెలల్లో ఆకులు పంపిన చక్కెరను మానులో, వేళ్ళలో పిండిపదార్థంగా దాచింది, దాన్ని మళ్ళీ చక్కెరగా మార్చి పైకి పంపింది. ఈ మాట చెబితే తుఫాను గురించి ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పగా విన్న పిల్లలకు ఉత్పన్నం అంటే ఏంటో ఇక మళ్ళీ చెప్పక్కర్లేదు.

రెండోది ఆక్సిజన్. ఇక్కడే నేను కొన్నేళ్ళు తప్పు చెప్పాను. ఏప్రిల్‌లో ఒకరోజు గాజుగ్లాసులో కుళాయి నీళ్ళు పట్టి హైడ్రిల్లా అనే నీటిమొక్క రెమ్మ వేసి ఎండలో పెట్టాను. పది నిమిషాల్లో ఆకుల నిండా ముత్యాల్లా బుడగలు. "చూశారా, ఆక్సిజన్" అన్నాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఏమీ అనకుండా, ఇంకో గ్లాసు నీళ్ళలో తన పాత టూత్‌బ్రష్ పడేసి పక్కన పెట్టింది. కాసేపటికి బ్రష్ కుచ్చు నిండా కూడా అవే బుడగలు. "టీచర్, మరి దీనికెందుకు వచ్చాయి?" అంది. సంపులో చల్లగా ఉన్న నీళ్ళు ఎండకు వేడెక్కితే వాటిలో కరిగున్న గాలి బయటికొస్తుంది, అన్నానికి ఎసరు పెట్టినప్పుడు మరగకముందే గిన్నె అడుగున పట్టే బుడగల్లాగే. ఆ అమ్మాయి చేసిన పనే ఇప్పుడు మా మేడ మీద రూలు. ఏది చూసినా పక్కన ఒక జత ఉండాలి, ఒక్క తేడాతో.

కాబట్టి ఇలా చేయండి. నీళ్ళు మరగబెట్టి, మూతపెట్టి పూర్తిగా చల్లార్చండి, కరిగిన గాలి చాలావరకు పోతుంది. గాలితోపాటు కార్బన్ డయాక్సైడ్ కూడా పోతుంది కాబట్టి అర లీటరుకు పావు టీస్పూను వంటసోడా కలపండి. బేకింగ్ పౌడర్ కాదు, వంటసోడా. బేకింగ్ పౌడర్‌లో ఆమ్లం కూడా కలిపి ఉంటుంది, నీళ్ళు తగలగానే తనే నురగ కక్కుతుంది, మళ్ళీ మోసపోతాం. చేపల తొట్టెల షాపులో తాజా హైడ్రిల్లా తెచ్చి, రెమ్మను నీళ్ళలోనే ఉంచి దాని మొదలును కొత్త బ్లేడుతో కోయండి, కోసిన చివర పైకి వచ్చేలా తలకిందులుగా ఉంచి చిన్న రాయి కట్టండి. మూడు గ్లాసులు పెట్టండి: రెమ్మతో ఎండలో ఒకటి, రెమ్మతో నల్లగుడ్డ కప్పి ఒకటి, బ్రష్షో ప్లాస్టిక్ ముక్కో వేసి ఎండలో ఒకటి.

నిజమైన ఆక్సిజన్ బుడగలు ఆకు మీద అతుక్కుని కూర్చోవు, కోసిన కాండం చివర నుంచి ఒకదాని వెనక ఒకటి వరసగా, దాదాపు ఒకే తాళంలో పైకి వస్తాయి. నిమిషానికి ఎన్నో లెక్కపెట్టండి. ఇప్పుడు ఎండకు అట్టముక్క అడ్డం పెట్టండి. ఒకటి రెండు నిమిషాల్లో వరస పల్చబడుతుంది, ఆగిపోతుంది కూడా. అట్ట తీస్తే మళ్ళీ మొదలు. పిల్లలు ఇది చూసినప్పుడు వాళ్ళ ముఖాలు చూడాలి మీరు, అట్ట పెట్టడం తీయడం ఆపరు. యాన్ ఇంగెన్‌హౌజ్ 1779లో చెప్పింది ఇదే, వెలుతురు ఉన్నప్పుడే, పచ్చటి భాగాల నుంచే ఈ వాయువు వస్తుందని.

వాయువును పట్టాలంటే ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి గరాటులా రెమ్మల మీద బోర్లించి, దాని మూతి మీద నీళ్ళు నింపిన టెస్ట్‌ట్యూబ్ తలకిందులుగా నిలబెట్టండి. ఒక రెమ్మ చాలదు, గుప్పెడు వేయండి. రెండు మూడు రోజులు పడుతుంది. ట్యూబులో మూడొంతుల్లో రెండొంతులు నిండాక నీళ్ళలోనే బొటనవేలితో మూసి బయటికి తీసి, ఆరిపోయి నిప్పు కణిక మాత్రం ఉన్న అగరుబత్తి లోపల పెట్టండి. పుస్తకంలో భగ్గున మండుతుందని రాస్తారు. మనకు అలా జరగకపోతే టెన్షన్ పడకండి, పట్టిన వాయువులో నీళ్ళలోంచి చేరిన నత్రజని కూడా ఉంటుంది. కణిక ఒక్కసారి ఎర్రగా, తెల్లగా వెలిగితే చాలు. పక్కన మామూలు గాలి ఉన్న ట్యూబులో కూడా పెట్టి చూడండి, తేడా అక్కడే తెలుస్తుంది.

హైడ్రిల్లా దొరక్కపోతే పాలకూరతో ఇంకా వేగంగా తేలిపోతుంది, అక్షరాలా తేలుతుంది. సీతమ్మధార రైతు బజార్లో కొన్న తాజా కట్ట చాలు. కాగితాలకు చిల్లులు పెట్టే పంచ్‌తో ఈనెలు తగలకుండా పది బిళ్ళలు తీయండి. పైన చెప్పిన సోడా నీళ్ళలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలపండి, నురగ రాకుండా. సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజిలో బిళ్ళలు వేసి, సగం దాకా ఆ నీళ్ళు లాగి, గాలి బయటికి తోసేసి, మూతిని వేలితో మూసి పిస్టన్‌ను వెనక్కి లాగి పదికి లెక్కపెట్టి వదలండి. రెండు మూడు సార్లు చేస్తే ఆకులోని గాలి పోయి దాని స్థానంలో నీళ్ళు చేరతాయి, బిళ్ళలన్నీ మునుగుతాయి. గ్లాసులో పోసి వెలుతురులో పెట్టండి. ఆకులో పుట్టిన ఆక్సిజన్ కణాల మధ్య చేరేకొద్దీ బిళ్ళలు ఒక్కొక్కటీ ఒక అంచు లేపి, పక్కకు తిరిగి, పైకి లేస్తాయి. సోడా లేని చల్లార్చిన నీళ్ళలో వేసిన జత బిళ్ళలు అడుగునే ఉంటాయి. తేలినవాటిని చీకట్లో పెడితే కొంతసేపటికి మళ్ళీ మునుగుతాయి, ఎందుకంటే ఆకు కూడా ఊపిరి పీలుస్తుంది, తను వదిలిన ఆక్సిజన్‌ను తనే వాడుకుంటుంది. ఈ మునగడం చూపించకుండా ప్రయోగం ఆపేయకండి, నా దృష్టిలో తేలడం కంటే అదే ముఖ్యం.

ఆటు సమయంలో బీచ్‌లో రాళ్ళ మధ్య నిలిచిన నీళ్ళు చూస్తే, ఎండ పడుతున్న పచ్చటి సముద్రపు నాచు మీద కూడా బుడగలు కనిపిస్తాయి. అక్కడా నీళ్ళు వేడెక్కడం అనే అనుమానం ఉంటుంది, పక్కనున్న వట్టి రాయిని కూడా చూసి పోల్చుకోమనండి. భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం సముద్రంలోనే, నీళ్ళలో తేలుతూ ఉండే, కంటికి కనిపించని వృక్షప్లవకాలు చేస్తాయి.

కొమ్మకు ప్లాస్టిక్ కవరు కడితే లోపల నీటిచుక్కలు పడతాయి కదా, అది సమీకరణంలోని 6 నీటి అణువులు అని చాలామంది పిల్లలు రాస్తారు. కాదు. అది బాష్పోత్సేకం, వేళ్ళు లాగిన నీరు పత్రరంధ్రాల నుంచి ఆవిరవ్వడం. సమీకరణంలో పుట్టే నీరు ఆకులోనే కలిసిపోతుంది, విడిగా పట్టలేం.

రావిచెట్టు రాత్రిపూట కూడా ఆక్సిజన్ ఇస్తుందని వాట్సాప్‌లో తిరిగే మాట గురించి అడిగేవాళ్ళు ఎక్కువ. ఆక్సిజన్ నీటిని విడగొడితే వస్తుంది, విడగొట్టాలంటే వెలుతురు కావాలి, కాబట్టి చీకట్లో ఏ చెట్టూ ఆక్సిజన్ వదలదు. రాత్రి పత్రరంధ్రాలు తెరిచే మొక్కలు నిజంగానే ఉన్నాయి, సింహాచలం అనాస, కలబంద, రణపాల అలాంటివే. అవి రాత్రి కార్బన్ డయాక్సైడ్‌ను లోపలికి తీసుకుని ఆమ్లంగా దాచుకుంటాయి, పగలు పత్రరంధ్రాలు మూసుకుని వెలుతురుతో దాన్ని చక్కెర చేసుకుంటాయి. ఆక్సిజన్ పుట్టేది పగలే. రణపాల ఆకు పొద్దున్న పుల్లగా ఉండి మధ్యాహ్నానికి చప్పబడుతుందని బెంజమిన్ హేన్ 1815లో అచ్చయిన ఉత్తరంలో రాశాడు. ఆయన మన సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీవాళ్ళ తోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు. మీరు నమిలి చూడకండి, అది మందు గుణమున్న ఆకు, పిల్లలకు పడకపోవచ్చు. తెల్లవారుజామున ఒక ఆకు, సాయంత్రం ఇంకో ఆకు దంచి రసాన్ని పీహెచ్ పేపర్ (పులుపు ఎంతుందో రంగుతో చెప్పే కాగితం) మీద వేస్తే తేడా కనిపిస్తుంది.

ఇవన్నీ డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో, పొద్దున్న ఎనిమిదింటికి మొదలుపెడితే బాగా కుదురుతాయి. మే నెలలో మేడ మీద గ్లాసు నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి, హైడ్రిల్లా ఉడికిపోతుంది. వానాకాలం మబ్బు పడితే లోపల ఎల్ఈడీ బల్బు కింద పాలకూర బిళ్ళలతో చేసుకోండి.

ఇప్పుడు ఆ పచ్చ స్పిరిట్. అదే రోజు రాత్రి చేయండి, ఎక్కువ రోజులుంటే, వెలుతురు తగిలితే పాడవుతుంది. చిన్న గాజు సీసాలో పోసి మూత బిగించి, లైట్లన్నీ తీసేసి, నోట్లు పరీక్షించే అల్ట్రావయొలెట్ టార్చి పక్క నుంచి వేయండి, పిల్లల కళ్ళల్లో పడకుండా. పచ్చగా ఉన్న ద్రావణం టార్చి పడిన చోట రక్తం రంగులో వెలుగుతుంది. ఆకులో ఉన్నప్పుడు పత్రహరితం పట్టిన వెలుతురులో ఎక్కువ భాగం నీటిని విడగొట్టే పనికి పోతుంది. ఇక్కడ స్పిరిట్‌లో దానికి పక్కన ఎవరూ లేరు, పట్టిన శక్తిని అందించే చోటు లేదు, అందుకే కొంత వేడిగా, కొంత ఇలా ఎర్రటి వెలుతురుగా వదిలేస్తుంది. బతికున్న ఆకు కూడా పగలంతా ఇలా కొద్దికొద్దిగా ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది, ఎండలో మన కంటికి ఆనదు. చూశాక సీసా మీద "విషం, తాగరాదు" అని పెద్ద అక్షరాలతో రాసి, చిన్నపిల్లలకు అందని చోట పెట్టండి.